మాట ఎక్కడి నుంచి వస్తుందని పాప అడుగుతోంది, ఒకటో తరగతి పిల్లకి ఎలా చెప్పాలి?

బ్రాడీపేట అమ్మ | ఆదివారం, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పాప ఒకటో తరగతి, బాబుకి మొన్ననే నాలుగు నిండాయి. పాప స్కూల్లో శరీర భాగాల పాఠం నడుస్తోంది. కళ్ళతో చూస్తాం, చెవులతో వింటాం దాకా బాగానే ఉంది. శుక్రవారం ఒక జిరాక్స్ కాగితం ఇచ్చి పంపారు. మాట్లాడటానికి పనికొచ్చే భాగాలట. ఒక పిల్లాడి తలని పక్క నుంచి సగానికి కోసినట్టు బొమ్మ, దానికి తొమ్మిది బాణాలు, పేర్లన్నీ ఇంగ్లీషులో. వచ్చే శనివారం ఒక్కొక్కళ్ళూ క్లాసు ముందు నిలబడి ఏదో ఒకటి చేసి చూపించాలట.

ఆ బొమ్మ చూసి మా పాప అడిగిన మొదటి మాట, "అమ్మా, ఈ అన్నయ్యని ఎవరు కోశారు?" అప్పటి నుంచి ఆ కాగితం ముట్టుకోవట్లేదు. బోర్లా తిప్పేసి, దాని మీద కంపాస్ బాక్స్ బరువు పెట్టింది.

సరేలే అని నాకు తెలిసింది నేను చెప్పాను, నోటితో మాట్లాడతాం, నాలుక తిప్పుతాం, పెదవులు కదుపుతాం అని. అది అద్దం ముందుకెళ్ళి నోరు బార్లా తెరిచి "ఆఆఆ" అని, "నాలుక కదల్లేదు, పెదవులు కదల్లేదు, మరి ఇదెక్కడి నుంచి వచ్చింది?" అంది. గొంతులోంచి అన్నాను. గొంతులో ఎక్కడ అంది. నాకు టెన్షన్ వచ్చేసింది, అన్నం చల్లారిపోతోంది పద అని మాట మార్చేశా.

ఇంకో సంగతి. బాబు క పలకడు. కాకి అంటే తాతి, కుక్క అంటే తుత్త, కోడి అంటే తోడి. ఇంట్లో అందరం నవ్వుతాం, వాడూ నవ్వుతాడు, పాప మాత్రం వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని స్కేలు పట్టుకుని "క అను, క అను" అని ప్రాణం తీస్తోంది. చిన్నప్పుడు వస సరిగ్గా పోయలేదు అందుకే అని మా అత్తగారు, నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుందని ఎదురింటి పిన్నిగారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

పాపకి భయం లేకుండా ఎలా చూపించాలి, తెలుగులో ఏ పేర్లు వాడాలి (నెట్‌లో చూస్తే స్వరపేటిక, ఉపజిహ్విక అని వచ్చాయి, అవి పలకడానికి నాకే నోరు తిరగట్లేదు), బాబు విషయం పట్టించుకోవాలా వద్దా. పిల్లలున్నవాళ్ళు, టీచర్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.


గుణదల టీచరమ్మ | ఆదివారం, రాత్రి 10:52

ఆ కాగితం అలా బోర్లానే ఉంచండి. మీ పాప చేసిందే కరెక్టు. తల సగానికి కోసిన బొమ్మ చూసి అది తన తలే అని ఆరేళ్ళ పిల్లకి అర్థం కాదండి, నేను ఒకటి, రెండు తరగతులకే చెప్తాను కాబట్టి అంటున్నా. బొమ్మ తర్వాత. ముందు తన వేళ్ళు, తన గొంతు, ఒక చేతి అద్దం, ఇవి చాలు.

పాపని రెండు వేళ్ళు గొంతు మీద మెత్తగా ఆనించమనండి, నొక్కకూడదు. పాము బుస కొట్టినట్టు "స్స్స్" అనమనండి. వేళ్ళకి ఏమీ తెలియదు. ఇప్పుడు అలాగే పెట్టుకుని "ఆఆఆ" అనమనండి. వేళ్ళ కింద జుమ్మని వణుకుతుంది. గొంతులో ఎక్కడ అని అడిగింది కదా, అదిగో అక్కడ. మీరు చెప్పక్కర్లేదు, దానికే దొరుకుతుంది. తర్వాత గుసగుసగా "అమ్మ" అనమనండి, వణుకు పోతుంది, మాట మాత్రం అర్థమవుతూనే ఉంటుంది. మా క్లాసులో పిల్లలు ఇక్కడ ఆగిపోతారు, పది నిమిషాలు గుసగుసలే, గట్టిగా అనడం, మళ్ళీ గుసగుస, నేను ఇంకేం చెప్పినా వినరు. వాళ్ళ నాన్న గొంతు మీద కూడా వేళ్ళు పెట్టించండి, మెడ ముందు ముడిలా పొడుచుకొస్తుంది చూడండి, ఆ ముడి నాన్న గుటక వేస్తే పైకీ కిందకీ పోతుంది, అది చూసి పడీ పడీ నవ్వుతారు.

ఆ వణుకు ఏంటి అంటే బెలూన్ ఊది, మూతి రెండు పక్కలా పట్టుకుని సాగదీసి గాలి వదలండి. కీచుమంటుంది. మూతి వదులు చేస్తే మోత తగ్గి బుస్సుమంటుంది. గొంతులో కూడా రెండు చిన్న పొరలు అలాగే దగ్గరికొస్తాయి, కింద నుంచి గాలి తన్నుకొస్తుంది, వణుకుతాయి. ఇంతకంటే ఏమీ చెప్పక్కర్లేదు. పేరు కావాలంటే పీక అనండి. మన వాళ్ళు గొంతునీ పీక అన్నారు, తిరునాళ్ళలో కొనే బూరకి ఉండేదాన్నీ పీక అన్నారు, ఊరికే అనలేదు. స్వరపేటిక అన్న మాట ఆరో తరగతిలో తెలుసుకుంటుందిలెండి.

ఇంకో ఆట. "మ్మ్మ్" అంటూ ఉండగా పాప ముక్కు మీరు మూసేయండి. ఠక్కున ఆగిపోతుంది! పెదవులు మూసుకుని ఉన్నాయి, ముక్కూ మూశారు, ఇక గాలికి దారేది. "ఆఆఆ" అంటున్నప్పుడు మూసి చూడండి, ఏమీ అవ్వదు. అందుకే జలుబు చేసిన పిల్ల అమ్మని పిలిస్తే "అబ్బ" అన్నట్టు వినిపిస్తుంది. ముక్కు కూడా మాట్లాడే భాగమే అని చాలామంది పెద్దవాళ్ళకే తెలియదు, మీ కాగితంలో తొమ్మిది బాణాల్లో ముక్కుకి ఒకటి ఉందేమో చూడండి.

ఊపిరి లోపలికి పీలుస్తూ తన పేరు చెప్పమనండి, ఎంత తంటాలు పడుతుందో చూడండి, మాటంతా బయటికొచ్చే గాలి మీదే నడుస్తుంది. అన్నం తింటూ మాట్లాడితే పొలమారడం కూడా ఇప్పుడే చెప్పేయొచ్చు. మెతుకు దిగే దారీ గాలి దారీ గొంతులో ఒకచోట కలుస్తాయి, మింగేటప్పుడు గాలి గొట్టం మీద ఒక మూత వాలుతుంది, మాట్లాడుతూ మింగితే ఆ మూతకి టైము సరిపోదు. ఎవరో తలుచుకుంటున్నారు అని మనం నెత్తిన కొట్టేది అప్పుడే.


మిర్చి యార్డు బాబాయ్ | ఆదివారం, రాత్రి 11:20

ఒకటో తరగతి పిల్లకి ఇవన్నీ అవసరమా తల్లీ. మాకెవడు చెప్పాడు, మేం మాట్లాడట్లేదా? గొంతు ఎక్కడుందో తెలియాలంటే ఎండాకాలం ఒకసారి మా యార్డు వైపు తీసుకురా, గేటు దగ్గరే తెలిసిపోద్ది.

జోకులు పక్కన పెడితే ఆ నరం కోయించే పని మాత్రం తొందరపడి చేయొద్దు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు. మా మనవడు ఐదేళ్ళ దాకా ర అనలేదు, లాముడు, లైలు అనేవాడు. ఇప్పుడు ఫోన్లో వాడి లొడలొడ వినలేక చస్తున్నాం.


సత్యనారాయణపురం మాస్టారు | సోమవారం, ఉదయం 6:05

అమ్మా, ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. టీచరమ్మ గారు చెప్పింది బాగుంది, అది గొంతు దాకా వచ్చింది. నోటి లోపలి సంగతి నేను చెప్తాను. దీనికి వేరే బొమ్మ కొనక్కర్లేదు. మీ ఇంట్లో గోడకి అక్షరమాల చార్టు ఉండే ఉంటుంది, అదే బొమ్మ.

క చ ట త ప. ఈ ఐదూ మెల్లిగా, ఒక్కోటి రెండేసి సార్లు పలికి చూడండి, నాలుక ఎక్కడ తగులుతోందో గమనిస్తూ. క అన్నప్పుడు నాలుక మొదలు లేచి వెనకాల అంగిలికి తగులుతుంది. చ అంటే నాలుక మధ్యభాగం, అంగిలి గట్టిగా ఉండే చోట. ట అంటే కొన వెనక్కి మడిచి పైకి కొడుతుంది. త అంటే కొన వచ్చి పై పళ్ళకి తగులుతుంది. ప అంటే నాలుకకి పని లేదు, పెదవులే. చూశారా, లోపలి నుంచి బయటికి వరుసగా నడిచి వచ్చేశాం. అక్షరాలు ఎవరో గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ఎలాగో ఒకలా పేర్చినవి కావు, నోరు తెరిచి చూసి పేర్చినవి. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని మేం బడిలో బట్టీ పట్టించాం, నాలుకని మాత్రం తాకించలేదు, ఆ తప్పు నాదీ ఉంది.

మా మనవరాలికి నేను మా విజయవాడ బందరు రోడ్డు బస్సు ఆటలా చెప్పాను. బస్టాండులో ఎక్కితే క, కంట్రోల్ రూమ్ దగ్గర చ, స్టేడియం దగ్గర ట, బెంజి సర్కిల్లో త, పటమటలో దిగితే ప. నాలుకే బస్సు. పటమటకి వచ్చేసరికి బస్సు ఆగిపోయి తలుపులు మూసుకుంటాయి, అంటే పెదవులు. పటమటకీ ప, పెదవికీ ప, ఇక మర్చిపోదు. ఇప్పుడు అది రోడ్డు మీద వెళ్తూ కూడా స్టాపు స్టాపుకీ ఆ అక్షరం అరుస్తుంది, కండక్టరు తిరిగి చూస్తాడు.

ఒక్కో స్టాపులో ఐదుగురు ఎక్కుతారు, క ఖ గ ఘ ఙ. చోటు ఒకటే, మరి తేడా ఏంటి అని పిల్ల అడిగిందనుకోండి, మళ్ళీ వేళ్ళు గొంతు మీదకి. ప అన్నప్పుడు వణుకు పెదవులు విడిపోయాక మొదలవుతుంది, బ అన్నప్పుడు పెదవులు మూసుండగానే మొదలవుతుంది. ఖ, ఫ లాంటి ఒత్తులకి సన్నటి కాగితం ముక్క పెదవుల ముందు వేలాడదీసి ఫలం అనండి, కాగితం ఎగురుతుంది. పలక అనండి, అంతగా ఎగరదు. (ఫ్యాను, ఫోను అనకండి, అక్కడ మనం ఫ అనట్లేదు, పై పళ్ళు కింది పెదవికి ఆనించి ఇంగ్లీషు వాళ్ళ శబ్దం అంటున్నాం. అది వేరే స్టాపు.) చివరిది ఙ ఞ ణ న మ, టీచరమ్మ గారి ముక్కు ఆట.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. చాప, చేప ఈ రెండూ అద్దంలో చూసుకుంటూ పలకండి. రెండింట్లో ఉన్నది ఒకటే చ అనుకుంటాం. కాదు. చేపలో నాలుక అంగిలికి వెడల్పుగా అంటుకుంటుంది, చాపలో కొన ముందుకొచ్చి పళ్ళ వెనక ఆనుతుంది. జడ, జీడిపప్పు కూడా అంతే. దంత్య చ, దంత్య జ అంటారు, పాత పుస్తకాల్లో చ నెత్తిన ౨ లాంటి గుర్తు పెట్టి ౘ అని రాసేవారు. ఇప్పుడు రాయడం మానేశాం, పలకడం మానలేదు. ఎవరూ నేర్పకుండానే మీ పాప ఈ రెండూ సరిగ్గా పలుకుతుంది, అడిగి చూడండి. శనివారం క్లాసులో ఇది చెప్తే వాళ్ళ టీచరే అద్దం అడుగుతుంది.


బ్రాడీపేట అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1:40

టీచరమ్మ గారూ, మాస్టారూ, ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. పొద్దున స్కూలుకి తయారవుతూ గొంతు మీద వేళ్ళు పెట్టుకుని గుసగుసలు, ఆటో అంకుల్ మీద కూడా ప్రయోగం చేసింది. చాప చేప నేనే పావుగంట పలికాను వంటింట్లో. ముప్పై మూడేళ్ళుగా పలుకుతున్నా ఒక్కసారీ గమనించలేదు. మాస్టారూ, మాది గుంటూరు కదా, బెంజి సర్కిల్ దానికి తెలియదు, మా వీధి నుంచి శంకర్ విలాస్ మీదుగా ఏదో ఒక రూటు నేనే అల్లుకుంటాలెండి. చివర ప తో ఉండే స్టాపు కావాలి, ఇక్కడ అన్నీ పేటలే కాబట్టి ఇబ్బంది లేదు.

బాబు సంగతి ఎవరైనా?


స్పీచ్ థెరపీ చేసే అక్క | సోమవారం, రాత్రి 9:30

విజయవాడలో పిల్లలతోనే పని చేస్తాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు మాస్టారి గారికి చిన్న సవరణ, తప్పుగా అనుకోకండి. క ని కంఠ్యం అంటాం కానీ అది గొంతులో పుట్టదు. మీరే చెప్పినట్టు నాలుక వెనక భాగం, అంగిలి వెనక మెత్తగా ఉండే చోటికి తగులుతుంది, కొండనాలుక వేలాడేది ఆ మెత్తటి భాగం చివరే. నిజంగా గొంతులో పుట్టేది హ. దీని మీద ఎందుకు పట్టుబడుతున్నానంటే, క గొంతులోంచి అను అని తల్లిదండ్రులు చెప్తే పిల్లలు గొంతు బిగించి ముక్కి అంటారు, శబ్దం ఇంకా పాడవుతుంది.

ఇప్పుడు మీ బాబు. క బదులు త, గ బదులు ద పలకడం చిన్నపిల్లల్లో చాలా మామూలు. నాలుక కొన ఆడించడం ముందు అలవాటవుతుంది, వెనక భాగం లేపడం తర్వాత. ప బ మ ముందు వస్తాయి, క గ కొంచెం వెనక, ర ళ శ ష ఇంకా వెనక. చాలామంది పిల్లల్లో మూడున్నర, నాలుగేళ్ళకి ఈ తాతి తనంతట తనే పోతుంది. మీ వాడు సరిగ్గా ఆ గట్టు మీద ఉన్నాడు. కంగారు పడే విషయం కాదు, వదిలేసే విషయం కూడా కాదు.

నాలుక కింద నరం సంగతి మీరే తేల్చుకోవచ్చు. తోడి, తాతి అంటున్నాడంటే త చక్కగా పలుకుతున్నాడు, అంటే నాలుక కొన పై పళ్ళ దాకా హాయిగా వెళ్తోంది. ఆ తీగ పట్టుకుని ఉంటే కష్టమయ్యేది కొనకే. క కి కావాల్సింది వెనక భాగం. కాబట్టి కోయిస్తే క వస్తుందన్నది కుదరదు. వస కూడా అంతే, వాగుడుకాయని వసపిట్ట అంటాం, చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా అని అడుగుతాం, ముచ్చటగానే ఉంటుంది కానీ వస వల్ల క రాదు. అరగదీసి నాకిస్తే వాంతులయ్యే పిల్లలున్నారు, పెట్టొద్దని అత్తగారికి మెల్లిగా చెప్పండి.

ఇంట్లో చేయగలిగినవి. వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి ఆడుకుంటూ క అనిపించండి, పడుకుంటే నాలుక బరువుకి వెనక్కి జారుతుంది, కొందరికి అప్పుడు చటుక్కున వచ్చేస్తుంది. లేకపోతే వాడి చెంచాతోనే నాలుక కొనని కింద మెల్లగా ఆపి "త" అనమనండి. కొనని ఆపేశారు కాబట్టి త కి వీల్లేదు, వెనక భాగం లేస్తుంది, క లాంటిది వస్తుంది. ఆ క్షణంలో వాడి మొహం చూడాలి మీరు! వాడు ఏడిస్తే మాత్రం ఆపేయండి. నీళ్ళు పుక్కిలించి గరగరలాడించడం వస్తే అది కూడా మంచిదే, నాలుక వెనక భాగం ఉందని తెలుస్తుంది.

తర్వాత కోట, తోట. రెండు బొమ్మలు గీయండి. కోట కావాలనుకుని వాడు తోట అంటే, నవ్వకుండా, తిట్టకుండా తోట బొమ్మే చేతిలో పెట్టండి. "ఇది కాదు, అది!" అని వాడే గింజుకుంటాడు. మాట మారితే చేతికొచ్చే వస్తువు మారుతుందని వాడికి తెలియాలి, క అను అని వందసార్లు చెప్తే అది తెలియదు. పాప చేతిలోంచి ఆ స్కేలు తీసేయండి, నవ్వడం కూడా తగ్గించండి, ఇప్పుడు వాడూ నవ్వుతున్నాడు కానీ ఐదో ఏడు వచ్చేసరికి బడిలో నోరు తెరవడం మానేసే పిల్లల్ని నేను చూస్తుంటాను.

అన్నిటికంటే ముందు ఒకసారి చెవులు పరీక్ష చేయించండి. జలుబు, చెవి పోటు తరచుగా వచ్చే పిల్లలకి శబ్దాలు మసకగా వినపడొచ్చు, విననిది పలకలేరు కదా. నాలుగు నిండాక బయటివాళ్ళకి వాడి మాట చాలావరకు అర్థం కాకపోయినా, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరగకపోయినా ఆగకూడదు. గుంటూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో చెవి ముక్కు గొంతు విభాగం ఉంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఉంది, అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షిస్తారు, 18 ఏళ్ళ దాకా వర్తిస్తుంది, వినికిడి, మాట ఆలస్యం రెండూ అందులో ఉన్నాయి. అంగన్‌వాడీ టీచర్ని అడిగితే దారి చెప్తారు.


సత్యనారాయణపురం మాస్టారు | మంగళవారం, ఉదయం 5:50

సవరణ ఒప్పుకున్నానమ్మా. భాషాశాస్త్రం చదివినవాళ్ళు దాన్ని మృదుతాలవ్యం అంటారు, నాకు తెలిసీ పాత అలవాటు కొద్దీ కంఠ్యం అన్నాను. మా బస్టాండు ఒక స్టాపు ముందుకు జరిపాను అనుకోండి.


తెనాలి తమ్ముడు | మంగళవారం, రాత్రి 8:15

ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాస్తున్నా. పాపకి చెప్పాల్సిన అవసరం లేదు, పెద్దవాళ్ళ కోసం.

మా నాన్న నలభై ఏళ్ళు చుట్ట తాగారు. గొంతు క్యాన్సర్ వచ్చి నాలుగేళ్ళ కిందట స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ ముందు చిన్న రంధ్రం, ఊపిరి అక్కడి నుంచే. ముక్కులోంచి గాలి ఆడదు కాబట్టి కాఫీ వాసన కూడా ముందులా తెలియదు. నాలుక బాగానే ఉంది, పళ్ళు, పెదవులు అన్నీ ఉన్నాయి. కానీ "ఆ" అనలేరు. ఆపరేషన్ అయిన కొత్తల్లో మా వాడు, అప్పుడు ఐదేళ్ళు, తాతయ్య పెదవులు చూసి మాట కనిపెట్టేవాడు, మాకంటే వాడే ముందు. ఒకరోజు వాడే అన్నాడు, తాతయ్య టీవీ సౌండ్ తీసేసినట్టు మాట్లాడుతున్నాడని. బొమ్మ ఉంది, సౌండ్ లేదు. సౌండ్ చేసేది ఒకచోట, దాన్ని మాటగా మలిచేది ఇంకోచోట అని డాక్టరు మాకు అరగంట చెప్పింది వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

తర్వాత గొంతు దగ్గర ఆనించే మిషన్ ఒకటి ఇప్పించారు, షేవింగ్ మిషన్ అంత ఉంటుంది. బటన్ నొక్కితే తుమ్మెదలా ఒకటే మోత. అది మెడకి ఆనించి నాన్న నోరు కదిపితే ఆ మోతే మాటలవుతుంది. హెచ్చుతగ్గులు ఉండవు, కోపమైనా నవ్వైనా ఒకే శ్రుతి. మా వాడు ఆ మిషన్ తన మెడకి పెట్టుకుని, తన గొంతు వాడకుండా ఉత్తినే పెదవులు కదిపి మాట్లాడి చూసుకున్నాడు. వచ్చింది! ఆ రోజు నుంచి వాడికి తాతయ్య అంటే భయం పోయింది.

టీచరమ్మ గారు గుసగుస ఆట అన్నారు కదా, అది చదివి ఇదంతా గుర్తొచ్చింది.


గుణదల టీచరమ్మ | మంగళవారం, రాత్రి 8:40

టీవీ సౌండ్ తీసేసినట్టు! తమ్ముడూ, మీ వాడి మాట రేపు నా క్లాసులో వాడుకుంటాను, ఎక్కడిదో చెప్పను. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.


బ్రాడీపేట అమ్మ | శనివారం, సాయంత్రం 6:20

అప్‌డేట్. పాప క్లాసు ముందు నిలబడి అందరి చేతా గొంతు మీద వేళ్ళు పెట్టించిందట. ముప్పై రెండు మంది పిల్లలు ఒకేసారి "ఆఆఆ" అంటే పక్క క్లాసు మిస్ పరిగెత్తుకుంటూ వచ్చారట ఏమైందో అని. తర్వాత చాప చేప. మాస్టారూ, మీరన్నట్టే వాళ్ళ మిస్ అద్దం అడిగారు. ఆ కాగితంలో పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే నింపాలట, నింపింది. ముక్కుకి బాణం లేదు టీచరమ్మ గారూ, పాపే పదో బాణం గీసింది. మార్కు వేయలేదు, టిక్కు కూడా పెట్టలేదు, అలా వదిలేశారు. కోసిన అన్నయ్యకి మాత్రం మెడ చుట్టూ కట్టు కట్టినట్టు స్కెచ్ పెన్‌తో గీసి ఇచ్చింది.

బాబుకి చెవుల పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయి. చెంచా పెట్టనివ్వలేదు, కొరికాడు. పడుకోబెట్టి ఫ్యాను చూపిస్తూ మూడు రోజులు ఆడించాను, గురువారం రాత్రి పడుకుని "కాకి" అన్నాడు అక్కా! స్పష్టంగా! లేచి కూర్చోగానే మళ్ళీ తాతి. నిన్నటికి కూర్చుని కూడా వస్తోంది, కోట, కోడి, కుక్క అన్నీ.

కాకపోతే కొత్త సమస్య. ఇప్పుడు త ఉన్న చోట కూడా క పెడుతున్నాడు. తల అంటే కల, తాళం అంటే కాళం. ఇది పాడుచేసుకున్నట్టా?


స్పీచ్ థెరపీ చేసే అక్క | శనివారం, రాత్రి 9:05

పాడవలేదు, కొత్త బొమ్మ దొరికితే అన్నం తినేటప్పుడు కూడా పట్టుకుని కూర్చుంటారు చూడండి, అలాంటిది. సరిదిద్దకండి. మీరు మాత్రం తల, తాళం అని మామూలుగా అంటూ ఉండండి, కోట తోట ఆట ఆపకుండా ఆడించండి, రెండూ వేరని వాడికే తేలుతుంది. ఇంకో నెలా రెండు నెలలకి కూడా కలిపేస్తుంటే అప్పుడు ఒకసారి ఎవరికైనా చూపించండి.


బ్రాడీపేట అమ్మ | శనివారం, రాత్రి 9:18

అమ్మయ్య. సరే అక్కా. మా మామగారిని కాకయ్యా అని పిలుస్తున్నాడు పొద్దుట్నుంచి. ఆయన ఓయ్ అని పలుకుతున్నారు కూడా.